ఎండ ఉచితమే, ఎండబెట్టడం ఉచితం కాదు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం.)



పాల సంఘాల సమావేశంలో కాఫీ గింజలు, మిరపకాయలు ఎండబెట్టే సంగతి ఎందుకని మీకు అనుమానం కలగవచ్చు. మీలో కొందరు అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల నుంచి వచ్చారు. ఇంటి ముందు ఆవు, కొండ మీద కాఫీ తోట ఉన్నవారు. మిగిలినవారు మైదానంలో మొక్కజొన్న, వేరుశనగ, మిరప, పసుపు పండించేవారు. ఒక్క పాల మీదనే బతికే ఇల్లు మన సంఘాలలో అరుదు. కళ్ళంలో సరుకు తడిసి ధర పోయిన ఏడాది ఆ ఇంట్లో మొదట తగ్గేది గేదె దాణా. దాణా తగ్గితే పాలు తగ్గుతాయి, పాలు తగ్గితే సంఘం తగ్గుతుంది. కావున ఈ విషయం మనదే. ఇంతకంటే దగ్గరి కారణం మరొకటి ఉన్నది. దానిని చివర మనవి చేస్తాం.

మా పొరపాటు

ముందుగా మా పొరపాటు ఒకటి ఒప్పుకుని తరువాత మీకు చెప్పడం న్యాయం. కొన్నేళ్ళ క్రితం ఏజెన్సీలోని ఒక గ్రామ సంఘానికి సోలార్ డ్రయ్యరు వచ్చింది. ఇనుప చట్రం, పైన పారదర్శకమైన పాలిథీన్ కప్పు, లోపల వల తట్టలు. చూడడానికి ముచ్చటగా ఉన్నది. మేము తనిఖీకి వెళ్ళి, బిల్లు చూసి, సామాను లెక్కబెట్టి, రిజిస్టరులో "సాధనము ఉన్నది, సంతృప్తికరము" అని వ్రాసి సంతకం చేసి వచ్చాం. లోపల ఆరుతున్న గింజను చేతిలోకి తీసుకుని చూడలేదు.

మరుసటి సంవత్సరం వెళ్ళేసరికి అందులో గడ్డి మోపులు ఉన్నాయి. కారణం అడిగితే ఎవరూ మాట్లాడలేదు. చివరకు ఒక వృద్ధురాలు ముందుకు వచ్చి, "బాబూ, మీ పెట్టెలోన గింజ ఉడికిపోనాది. మా సాప మీదే నయం" అన్నది. ఆమె వేసిన రెండు బస్తాల కాఫీకి బూజు వాసన పట్టిందని ధర కోశారట. ఏటా ఆ డబ్బుతోనే ఆమె బియ్యం అప్పు తీర్చుకునేది.

విచారించగా తేలినదేమిటంటే, లోపల వేడి ఎంత పెరిగితే అంత త్వరగా ఆరుతుందని సాధనం అమర్చినవారు చెప్పి వెళ్ళారు. ఆ మాట నమ్మి కుర్రవాళ్ళు పైనున్న గాలి తూములన్నీ గోనె సంచులు కుక్కి మూసివేశారు. వేడి పెరిగింది. కాని గింజలోంచి వచ్చిన ఆవిరి పోయే దారి లేక కప్పుకు లోపలివైపు చెమట పట్టి, రాత్రి చల్లబడగానే చినుకులుగా మళ్ళీ గింజ మీదనే పడింది. సహకార డిప్లమా చదివిన మాకు ఆస్తి అప్పుల పట్టిక చదవడం వచ్చును గాని, గాలి తూము సంగతి తెలియలేదు. ఆ "సంతృప్తికరము" అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తుకు వస్తుంది. తరువాత మేము నేర్చుకున్నదే మీ ముందు ఉంచుతున్నాం.

కాఫీ లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో కాఫీ అనగానే ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా గుర్తుకు వస్తుంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. పేరు వచ్చింది కనుక దానిని నిలుపుకొనే పూచీ కూడా వచ్చింది. పండు బాగా పండించడం సగం పని. మిగిలిన సగం ఆరబెట్టడంలో ఉన్నది.

పండు నవంబరు నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా కోతకు వస్తుంది. తొక్క తీసి, జిగురు వదిలేదాకా ఊరబెట్టి, కడిగిన గింజను పార్చిమెంటు అంటారు. కడిగిన పార్చిమెంటులో సగానికి పైగా నీరే. 52 శాతం అనుకుందాం. అంటే 100 కిలోల తడి గింజలో అసలు సరుకు 48 కిలోలు. దానిని 11 శాతం తేమకు దించితే సుమారు 54 కిలోలు మిగులుతుంది. అంటే 46 కిలోల నీటిని మనం గాలికి అప్పగించాలి. ఆ పని నెమ్మదిగా జరిగితే మధ్యలో బూజు వచ్చి కూర్చుంటుంది. బూజు పట్టిన కాఫీలో ఓక్రాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. విదేశాలకు కాఫీ కొనేవారు దీనికి పరీక్ష చేయిస్తారు.

పోనీ, త్వరగా అవుతుందని మరీ ఎక్కువ వేడి పెట్టినా నష్టమే. పార్చిమెంటుకు 40 డిగ్రీలు దాటరాదు. దాటితే పైపొర చిట్లి, లోపలి గింజ రంగు మారుతుంది, రుచి పోతుంది. మరీ ఎక్కువగా ఎండినా చేటే. 11 శాతం దగ్గర ఆపవలసినదానిని 8 శాతం దాకా ఎండబెడితే 54 కిలోలు 52 కిలోలకు దిగుతాయి, గింజ విరుగుతుంది. ఆ రెండు కిలోలు ఎండకు దానం చేసినట్టే. ఇక తడి గింజను ఎండిన గింజగా తూచి అమ్మడం, పాలలో నీళ్ళు కలపడం వంటిదే. లాక్టోమీటరు ముందు నిలబడడం అలవాటైన మనకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

కొండమీద ఆ నెలలలో పొద్దున తొమ్మిది పది గంటల వరకు పొగమంచు ఉంటుంది. సాయంత్రం త్వరగా చల్లబడుతుంది. పగలంతా పోయిన తేమలో కొంత రాత్రి మంచు రూపంలో తిరిగి వస్తుంది. మట్టి మీద పోస్తే మట్టి వాసన పడుతుంది. కాఫీ గింజ పక్కవాడి వాసన కూడా పట్టుకుంటుంది. కిరసనాయిలు డబ్బా, ఎరువుల బస్తా ఉన్న గదిలో దానిని నిలవ చేయరాదు. దీనికితోడు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను కొండలలో చెట్లను ఎట్లా పడగొట్టిందో మీరు చూశారు.

డ్రయ్యరు చేసేది ఏమిటి?

సోలార్ డ్రయ్యరులో మంత్రం ఏమీ లేదు. పారదర్శకమైన కప్పు గుండా ఎండ లోపలికి వస్తుంది. లోపలి నల్లని ఉపరితలం దానిని వేడిగా మారుస్తుంది. ఆ వేడికి గాలి దాహం పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద 80 శాతం తేమతో ఉన్న ఉదయపు గాలిని 40 డిగ్రీలకు వేడి చేస్తే, అదే గాలి తేమ 34 శాతానికి దిగుతుంది. నీరు ఎక్కడికీ పోలేదు. కాని గాలి ఇంకా ఎంతో నీటిని మోయగలదు. అట్లా దాహంతో ఉన్న గాలి గింజల మధ్య నుంచి పోయి, నీటిని తీసుకుని, పై తూము గుండా బయటికి పోవాలి. కింది తూములో కొత్త గాలి, పై తూములో తడి గాలి. ఈ రాకపోకలు ఆగిన క్షణం నుంచి అది డ్రయ్యరు కాదు, ఆవిరి కుండ. మా వృద్ధురాలు చెప్పినది అక్షరాలా నిజం.

మామూలుగా మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది పెట్టె రకం. ఇంటి అవసరానికి, కూరగాయల వరుగులకు, మందు ఆకులకు చాలును. రెండవది సొరంగం రకం. ఇందులో పొడవైన నల్లని పళ్ళెంలో వేడెక్కిన గాలిని చిన్న ఫంకా సరుకు మీదికి తోస్తుంది. ఫంకాకు కరెంటు సౌర పలక నుంచే వస్తుంది. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయంలో 1980 దశకంలో రూపొందిన నమూనా ఇదే. మూడవది పాలీహౌసు రకం. మనిషి లోపలికి నడిచి వెళ్ళి సరుకు తిరగవేయగల గది వంటిది. పదిమంది కలిసి వాడుకునే సంఘానికి ఈ మూడవది అనువైనదని మా అభిప్రాయం.

ఎంత పెద్దది కావాలి? మబ్బులేని రోజున ఒక చదరపు మీటరు మీద సుమారు 5 యూనిట్ల శక్తి ఎండ రూపంలో పడుతుంది. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు మూడింట రెండు వంతుల యూనిట్ కావాలి. పడిన ఎండలో మూడవ వంతు మాత్రమే పనికి వచ్చిందనుకుందాం. అప్పుడు చదరపు మీటరుకు రోజుకు రెండు నుంచి రెండున్నర కిలోల నీరు పోతుంది. 100 కిలోల తడి పార్చిమెంటును 5 చదరపు మీటర్ల మీద పలచగా పరిస్తే నాలుగైదు మంచి రోజులు పడుతుంది. చివరి తేమ గింజ లోపలి నుంచి నెమ్మదిగా వస్తుంది కాబట్టి మరి రెండు రోజులు కలుపుకోండి. 20 చదరపు మీటర్ల తట్టలుంటే వారానికి 400 కిలోల తడి గింజ. ఒక చిన్న రైతు దీనిని ఒక్కడే ప్రతివారం నింపలేడు. నింపినా సంక్రాంతి దాటి కొన్ని వారాలు గడిస్తే ఖాళీ. కాబట్టి ఇది ఒక్కరి సొత్తుగా ఉండవలసినది కాదు, సంఘం సొత్తుగా ఉండదగినది.

కొనలేని సభ్యుడు నిరాశపడనక్కరలేదు. వెదురు గుంజల మీద నడుము ఎత్తున బల్ల వేసి, దాని మీద నైలాన్ వల పరచి, గింజను నాలుగు సెంటీమీటర్లకు మించకుండా పోసి, గంటకొకసారి తిరగవేసి, సాయంత్రం పాలిథీన్ కప్పితే డ్రయ్యరు మేలులో చాలా భాగం దక్కుతుంది. వల కింద నుంచి కూడా గాలి ఆడడమే ఇందులోని రహస్యం.

ఎప్పుడు ఎండినదో తెలుసుకొనేందుకు ఒక ఉపాయం. ఒక తట్టకు గుర్తుపెట్టి అందులో సరిగ్గా 10 కిలోల తడి పార్చిమెంటు పోయండి. ప్రతి సాయంత్రం తూచి వ్రాసుకోండి. బరువు సుమారు 5 కిలోల 400 గ్రాములకు దిగితే గింజ తయారైనట్టు. అన్ని గింజలలో మొదటి తేమ ఒకే తీరుగా ఉండదు కనుక, బస్తాకు ఎత్తేముందు తేమ మీటరుతో తప్పక చూడాలి. ఆ మీటరు సంఘంలో ఒకటుంటే చాలును.

మిగిలిన పంటలు

కాఫీ అయిపోగానే డ్రయ్యరుకు తాళం వేయనక్కరలేదు. కొండమీద మిరియాలు, పసుపు, పిప్పళ్ళు వస్తాయి. మైదానంలో మిరప వస్తుంది. పండు మిరపను 75 శాతం తేమతో కోసి 10 శాతానికి ఎండబెడితే 100 కిలోలకు సుమారు 28 కిలోలు మిగులుతుంది. 72 కిలోల నీరు పోవాలి. కళ్ళంలో దీనికి పది పదిహేను రోజులు పడుతుంది. ఆ రోజులలో ఒక్క వాన పడినా కాయ రంగుపోయి తాలు అవుతుంది. తాలు ధర ఎంతో రైతుకు తెలుసు. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచాంగ్ తుపాను సమయంలో కళ్ళాలలో, పొలాలలో పంట తడిసి రైతులు పడిన బాధ మనం మరచిపోలేదు. మిరపకు 60 డిగ్రీల లోపు వేడి ఫరవాలేదు. కాఫీ మాదిరి నాజూకు కాదు.

ఉడికించిన పసుపు కొమ్మును తడిగా కుప్ప పోస్తే లోపల నల్లబడుతుంది. పలచగా పరచి 10 శాతానికి తేవాలి. బాగా ఎండిన కొమ్మును విరిస్తే టంగుమని లోహపు శబ్దం వస్తుంది. పెద్దలకు మీటరు లేని రోజుల్లో ఆ శబ్దమే మీటరు. వేసవిలో మామిడి తాండ్రకు, మునగాకుకు కూడా ఈ గది అక్కరకు వస్తుంది. మహిళా సభ్యులు ఈ పనికి ముందుకు రాగలరని ఆశిస్తున్నాం.

అయితే ఒకే గదిలో ఒకేసారి మిరప, కాఫీ వేయరాదు. ఘాటు కాఫీకి పట్టుకుంటుంది. పంట మారినప్పుడల్లా తట్టలు కడిగి ఆరబెట్టాలి.

తడి గింజ, పాల డబ్బా

ఇప్పుడు చివర మనవి చేస్తామన్న కారణానికి వస్తున్నాం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చనిపోయాయి. వాటికి పెట్టిన వేరుశనగ చెక్కకు బూజు పట్టిందని విచారణలో తేలింది. ఆ బూజు విషానికే తరువాత అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాలలోని బాన్స్‌వాడా, పంచమహల్ జిల్లాలలో వానకు తడిసిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడికి వెళ్ళి ఇదే విషమని నిర్ధారించారు. ఆ ఇళ్ళలో కుక్కలు కూడా చనిపోయాయి.

మనుషులు తినలేని బూజు గింజను మనం ఏం చేస్తాం? గేదెకు పెడతాం. పారవేయడానికి మనసొప్పదు. కాని గేదె తిన్న విషంలో నూటికి ఒకటి రెండు పాళ్ళు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ, రూపం మార్చుకుని ఒక రోజులోనే పాలలోకి వస్తుంది. పాలు కాచినా, పాశ్చురైజు చేసినా అది పోదు. మన దేశంలో కిలో పాలకు అర మైక్రోగ్రాము మించి ఉండరాదని నిబంధన ఉన్నది. 2018లో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్ష చేయించింది. ప్రమాదకరమైన కల్తీ దొరికినవి 12. అఫ్లాటాక్సిన్ హద్దు మించినవి 368. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి ఆలోచించవలసిందిగా కోరుతున్నాం. కల్తీ చేసేవాడిని పట్టుకోవడానికి మనం ఎంతో శ్రమ పడుతున్నాం. కళ్ళంలో తడిసిన మొక్కజొన్న, నిజాయితీపరుడైన సభ్యుడి చేతులమీదుగానే పాల డబ్బాలోకి వస్తున్నది.

ఇందుకు విరుగుడు పాల కేంద్రంలో లేదు, కళ్ళంలోనే ఉన్నది. మొక్కజొన్నను 12, 13 శాతం తేమకు, వేరుశనగ గింజను 8 శాతానికి ఎండబెట్టిన తరువాతనే నిలవ చేయాలి. ఒకసారి బూజు పట్టిన తరువాత ఎంత ఎండబెట్టినా బూజు చస్తుందే గాని విషం పోదు. దానిని గేదెకు పెట్టరాదు. పెట్టడం మానిన మూడు నాలుగు రోజులలో పాలు శుభ్రపడతాయి. డ్రయ్యరు ఈ పనికి వాడవచ్చు. విత్తనపు వేరుశనగకు మాత్రం ఎక్కువ వేడి తగలనీయకండి, మొలక చచ్చిపోతుంది.

సంఘం చేయవలసినవి

ఇన్‌స్పెక్టరుగా కొన్ని మాటలు. మొదటిది, మీ సంఘం నియమావళిలో ఇటువంటి సేవకు వీలున్నదా అని చూసుకోండి. లేకుంటే సవరణ చేసుకుని, సర్వసభ్య సమావేశపు తీర్మానంతో మొదలుపెట్టండి. రెండవది, సబ్సిడీ వచ్చిందని కొనకండి. ఏ నెలలో ఏ పంట, ఎంతమంది సభ్యులు, ఎన్ని కిలోలు అన్న పట్టిక ముందు వేయండి. సంవత్సరంలో ఆరు నెలలైనా నిండకపోతే కొనకపోవడమే మంచిది. మూడవది, కిలోకు ఇంత అని అద్దె నిర్ణయించి, అందులో కొంత తరుగుదల నిధికి తీయండి. ఎండకు తట్టుకునేందుకు మందు కలిపిన 200 మైక్రాన్ల పాలిథీన్ వేసినా కొన్నేళ్ళకు మార్చవలసిందే. ఆ రోజున డబ్బు లేకనే ఎన్నో డ్రయ్యర్లు గడ్డివాములవుతున్నాయి. నాలుగవది, ఒక రిజిస్టరు. సభ్యుని పేరు, పంట, తడి బరువు, పొడి బరువు, రోజులు, చివరి తేమ. పాల పుస్తకం వ్రాసే చేతికి ఇది కష్టం కాదు. ఐదవది, లోపల నీడలో ఒక థర్మామీటరు వేలాడదీసి, తూములు తెరిచే పని ఒక మనిషికి అప్పగించండి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు.

మా వృద్ధురాలి సంగతి చెప్పి ముగిస్తాం. మేము మళ్ళీ ఆ ఊరు వెళ్ళి, కార్యదర్శి సాయంతో గోనె సంచులు పీకించి, గడ్డి తీయించి, తట్టలు కడిగించాం. "అమ్మా, ఈసారి నువ్వే చూసి చెప్పు" అన్నాం. ఆమె మా మాట నమ్మలేదు. నమ్మవలసిన పని కూడా లేదు. తన గింజను సగం చాప మీద, సగం డ్రయ్యరులో వేసింది. సీజను చివర వెళ్ళి అడిగితే ఇట్లా అన్నది: "వాన రాకపోతే రెండూ ఒకలాగే ఉన్నాయి బాబూ. వాన వచ్చిన వారం తెలిసింది."

డ్రయ్యరు గురించి మేము చదివిన పుస్తకాలన్నింటికంటే ఈ తీర్పు మేలైనది. మీ సంఘాలలో కూడా ఇట్లాగే సగం ఇక్కడ, సగం అక్కడ వేసి, తూచి, వ్రాసి చూసుకోండి. మేము తనిఖీకి వచ్చినప్పుడు బిల్లుకంటే ముందు ఆ రిజిస్టరు అడుగుతాం. గింజను కూడా చేతిలోకి తీసుకుని చూస్తాం.